పాత కంప్యూటర్ మీద చెనిక్కాయ బుటా

2 మే 2005

మా అమ్మాయి ఫిర్దోస్ వాళ్ళ ఆఫీసులో ఎవరూ తీసుకోకుండా మిగిలిపోయిన డైరీ ఇది. నాలుగు నెలలు ఖాళీగా గడిచాక నా దగ్గరికి వచ్చింది. ఏం రాయాలమ్మా అని అడిగితే, "ఎవురికీ చెప్పనివి రాసుకో నాయనా" అని నవ్వి, పెనుకొండ బండికి టైమైందని పరుగెత్తింది. అక్కడ కంప్యూటర్ ఆపరేటర్ ఉద్యోగం. రోజూ రైల్లోనే పోయి వస్తుంది.

ఎవరికీ చెప్పనివంటూ నా దగ్గర ఏమీ లేవు. పని గురించి రాస్తాను. శ్రావణం పెళ్ళిళ్ళకని సావుకారు అంజనప్ప కొత్త కొంగు డిజైను అడిగాడు. మధ్యలో జోడు నెమళ్ళు, చుట్టూ మామిడి పిందెలు. నేను గ్రాఫు కాగితం మీద గడులు నింపుతాను. వాటిని చూసి జకార్డు అట్టలకు బెజ్జాలు కొడతారు. ఆ అట్టలు చెప్పినట్టు మగ్గం మీద పోగులు లేస్తాయి. గడి తప్పితే పోగు తప్పినట్టే. మీసం రాని రోజుల నుంచి నా అన్నం ఇదే.

5 మే

కొత్త పెన్ను మంచిది కాదు. గీత గడి దాటుతోంది.

6 మే

టీ తగ్గించాలి.

10 మే

ఫ్యాను గాలికి కాగితం కదులుతోందని ఆపేసి కూర్చున్నాను. ఈ ఎండల్లో ధర్మవరంలో ఫ్యాను ఆపుకున్నవాడు నేనొక్కడినే ఉంటాను. చెమట కాగితం మీద పడి ఒక మామిడి పిందె చెరిగిపోయింది. మా ఇంటామె షంషాద్ వంటింట్లోంచి వచ్చి, నా వైపు కాసేపు చూసి, స్విచ్చు వేసి వెళ్ళిపోయింది. ఆమె ఏమీ అనకపోవడం నాకు నచ్చలేదు.

14 మే

అంజనప్ప నేను పంపిన కాగితం చుట్టను చంకలో పెట్టుకుని వచ్చాడు. ఊళ్ళో మగ్గాలు పెట్టించి నేయించే సావుకార్లలో నాకు మొదటి నుంచీ పని ఇస్తున్నది ఇతనే. మంచం మీద కూర్చుని, మంచినీళ్ళు తాగి, చుట్ట విప్పాడు.

"ఏమప్పా నజీరూ, నెమిలి కల్లు తాగినట్టుండాదే."

నేను చూశాను. మెడ మూడు చోట్ల వంకర పోయింది. తోక దగ్గర గడులు ఒకదానిలోకి ఒకటి కలిసిపోయాయి.

"పెన్ను మంచిది కాదు అంజనప్పా. మార్చినాను."

"మార్చుకో." అతను నా ముఖం చూడకుండా చెప్పాడు. "స్టేషన్ రోడ్డులో కంప్యూటర్ మీద డిజైన్లు చేసేవాళ్ళు వచ్చినారు. మూడు దినాల్లో ఇస్తారంట. నువ్వుండంగా నేను యాడికీ పోను. కానీ ఆషాఢం లోపల కొంగు నా చేతిలో ఉండాల. మగ్గాలు ఊరికే పెట్టుకోలేను గదప్పా."

కంప్యూటర్‌కి పట్టంటే ఏం తెలుసు అన్నాను. అతను నవ్వలేదు.

16 మే

కళ్ళ డాక్టరుకు చూపించుకున్నాను. కళ్ళు బాగున్నాయట. అద్దాలు కూడా మార్చక్కర్లేదట. కళ్ళే పాడై ఉంటే బాగుండేది.

17 మే

ఈ రోజు ఏమీ వేయలేదు.

18 మే

ఈ రోజు కూడా.

22 మే, ఆదివారం

ఫిర్దోస్ తన పాత కంప్యూటర్ మీద కప్పిన గుడ్డ తీసింది. కోర్సు చదివే రోజుల్లో దానికని సెకండ్‌హ్యాండ్‌లో కొన్నది. ఉద్యోగం వచ్చినప్పటి నుంచి దాని పైన షంషాద్ మడత బట్టలు పెడుతోంది. బట్టలన్నీ మంచం మీదికి మారాయి. అట్టలు కొట్టే ఆయన దగ్గర నుంచి గడుల సాఫ్ట్‌వేరు ఒకటి తెచ్చిందట, ఫ్లాపీలో.

"నాకెందుకది" అన్నాను.

"నీకని ఎవురన్నారు? నేను నేర్చుకుంటా. నువ్వు ఊరికే పక్కన కూర్చో."

ఊరికే కూర్చున్నాను. తెర మీద గ్రాఫు కాగితంలాగే గడులు వచ్చాయి. ఫిర్దోస్ మౌసుతో ఒక గడిలో నొక్కింది. గడి నిండింది. ఇంకొకటి. తర్వాత తనకు దాహమేస్తోందని లేచి, మౌసు నా చేతిలో పెట్టి వంటింట్లోకి పోయింది. నీళ్ళు తాగడానికి అంతసేపు పట్టదు. నాకు తెలుసు. అయినా నొక్కాను.

బాణం గుర్తు గడి మూలకు జారిపోయినా, నొక్కితే గడి మొత్తం నిండింది. మధ్యలో నొక్కినా నిండింది. అంచు దగ్గర నొక్కినా నిండింది. ఎక్కడా గీత దాటలేదు. ఒక వరుస నింపాను. దాని కింద ఇంకొక వరుస. ఒక్క గడి కూడా వంకర లేదు.

ఫిర్దోస్ వెనకాల నుంచి అంది. "గడి లోపల యాడ నొక్కినా ఒకటే నాయనా. గడి పెద్దగా కనపడేట్టు పెట్టుకుంటే చాలు."

ఏదో చిన్నపిల్లల ఆటలా ఉంది అన్నాను. సాయంత్రం దాకా నెమలి ముక్కు, కన్ను, కిరీటం వేశాను.

కొంగు మొత్తం ఒకేసారి తెర మీదికి తెద్దామనేసరికి కంప్యూటర్ బిగుసుకుపోయింది. ఇసుక గడియారం బొమ్మ వచ్చి అట్లాగే నిలబడింది. అన్నం తిని వచ్చినా అదే బొమ్మ. చివరకు ఆపి మళ్ళీ వేస్తే నెమలి లేదు.

ఎందుకో చాలా బాధేసింది. ఆట పోయినందుకు ఇంత బాధెందుకు?

25 మే

మళ్ళీ వేశాను. మళ్ళీ బిగుసుకుంది. ఇప్పుడు ప్రతి పది గడులకూ ఫ్లాపీలో దాచుకుంటున్నాను. ఫ్లాపీ చేసే చప్పుడు విని పక్కింటి నాగక్క, "మీ ఇంట్లో పిండి మర పెట్టినారా?" అని అడిగింది.

29 మే, ఆదివారం

ఇంట్లో ముగ్గురం కూర్చుని మాట్లాడుకున్నాం. కొత్త కంప్యూటర్ మన వల్ల కాదు. ఫిర్దోస్ చెప్పేదేమంటే, దీనికి ర్యామ్ అనేది తక్కువగా ఉందట.

"ర్యామ్ అంటే నీ పని బల్ల అనుకో నాయనా. ఇప్పుడుండేది పీట. పీట మీద కొంగు పరిస్తే కింద పడదా? బల్ల పెద్దదైతే కొంగంతా పడతాది. మిగతా మిషనుకు ఏ జబ్బూ లేదు."

"మరి తెర కూడా ఇంత చిన్నదాయెనే" అన్నాను. పద్నాలుగు అంగుళాల తెరకు కళ్ళు ఆనించుకుని చూడాల్సి వస్తోంది.

"ముందర ర్యామ్. దుడ్లు మిగిలితే తెర."

షంషాద్ బియ్యంలో రాళ్ళు ఏరుతూ మా మాటలు వింటోంది. ఇంటికి సున్నం వేయించడానికి ఆమె దాచిపెట్టింది కొంత ఉంది. చేట పక్కన పెట్టి లేచి, ఆ డబ్బు తెచ్చి ఫిర్దోస్ ఒళ్ళో పెట్టింది.

"గోడలు వచ్చే ఏడాది చూసుకుందాం. గోడలు నెమిళ్ళేస్తాయా?"

4 జూన్, శనివారం

హిందూపురం పోయి వచ్చాం. ఎంత మంచి రోజు. అన్నీ రాయాలి.

నేను ధర్మవరంలో ప్యాసింజర్ ఎక్కాను. ఒంటిపూట ఆఫీసు చూసుకుని ఫిర్దోస్ పెనుకొండలో ఎక్కింది. పాత ర్యామ్ ముక్కను నమూనాకని న్యూస్‌పేపర్లో చుట్టి నా జేబులో పెట్టుకున్నాను. బెంగళూరు ఆఫీసుల్లో తీసేసిన పాత కంప్యూటర్ల సామాను హిందూపురంలో దొరుకుతుందని ఫిర్దోస్‌కెవరో చెప్పారు.

మొదటి అంగడి అతను ముక్కను చేతిలోకి కూడా తీసుకోలేదు. ఇట్లాంటివి ఇప్పుడు రావు, మిషను తూకానికి అమ్మేసి కొత్తది కొనుక్కోండి అన్నాడు. ఫిర్దోస్ థాంక్స్ చెప్పి బయటికి నడిచింది. దానికి కోపం వస్తే ఇంగ్లీషు వస్తుంది.

రెండోది తిరుపాల్ అనే ఆయన అంగడి. ఇదివరకు టీవీలు బాగుచేసేవాడట. గోడ పొడవునా విప్పిన మిషన్లు, వాటి మధ్య చాప మీద ఆయన. చూడగానే, "ఊటా అయిందాప్పా?" అని అడిగాడు. హిందూపురంలో బేరమైనా అన్నం మాటతోనే మొదలు. తినలేదంటే తన క్యారియర్ విప్పబోయాడు. వద్దని ఆపడానికే సమయం పట్టింది.

ముక్కను వెలుతురుకు ఎత్తి చూశాడు. "ఇది పాత జాతి. కొత్తగా తయారు చేయరు. ఎవురన్నా తీసేసినవే వెతకాల." ఒక బిస్కెట్ డబ్బా తెచ్చి చాప మీద కుమ్మరించాడు. ముగ్గురం కూర్చుని ఏరాం. చింతగింజలు ఏరినట్టు ఉంది. సరైనవి రెండు దొరికాయి.

"ఏం పని చేస్తారప్పా దీంట్లో?" అని అడిగాడు.

పట్టుచీరల డిజైన్లని చెప్పాను. నెమలి గురించి, మామిడి పిందెల గురించి, అంజనప్ప గడువు గురించి కూడా చెప్పేశాను. నేను ఇంతగా ఎప్పుడు మాట్లాడానో గుర్తు లేదు.

"కొత్త మిషను కొనమని నేనూ చెప్పొచ్చు. నాకే లాభం. కానీ మీ పనికి ఇది సాలు. ఇంగా అయిదేండ్లు నడుస్తాది. దుమ్ము మాత్రం తుడవండి."

పదిహేడు అంగుళాల తెర ఒకటి మూలన ఉంది. పై మూలలో కొంచెం పచ్చగా మచ్చ ఉన్నందుకు ఎవరూ కొనడం లేదట. వేసి చూపించాడు. నెమళ్ళకు పచ్చ మచ్చ ఒక లెక్కా? మిగిలిన డబ్బుకే ఇచ్చాడు. చార్జీలకు ఉన్నాయా అని అడిగి మరీ ఇచ్చాడు.

తిరుగు బండిలో ఆ తెరకు మధ్యలో సీటు ఇచ్చి, మేమిద్దరం చెరో పక్కన పట్టుకుని కూర్చున్నాం. ఎదురుగా ఆకుకూరల గంపతో ఉన్న పెద్దామె దాన్నే చూస్తోంది.

"పెద్ద టీవీనే. దీంట్లో సీరియళ్ళు వస్తాయా పాపా?"

"రావవ్వా. నెమిళ్ళు వస్తాయి" అంది ఫిర్దోస్.

ఆమె నా వైపు తిరిగి, "నీ కూతురా? బలే మాట్లాడతాది" అంది. అవును, నా కూతురే అన్నాను. పెనుకొండ కొండ కిటికీలోంచి చాలాసేపు కనబడింది.

5 జూన్, ఆదివారం

పొద్దున ఫిర్దోస్ పెట్టె మూత విప్పి ముక్కలు పెట్టి ఆన్ చేసింది. తెర మీద ఏమీ లేదు. పెట్టెలోంచి కూతలు మాత్రం వచ్చాయి. పొడుగ్గా, ఆగి ఆగి. మళ్ళీ తీసి పెట్టింది. మళ్ళీ కూతలు.

"పాయ" అన్నాను. "తూకానికి అమ్ముకోమని చెప్పినాడు ఆయప్ప." సున్నం లేని గోడల వైపు చూడలేకపోయాను.

"ఉండు నాయనా. నీ రబ్బరు యాడుండాది?"

నా పెన్సిల్ గీతలు తుడిచే రబ్బరు ఇచ్చాను. ముక్క అంచున ఉన్న రాగి పళ్ళను దాంతో మెల్లగా రుద్దింది. ఆఫీసులో ఇట్లాగే చేస్తారట. రుద్దిన చోట మురికి పోయి పసుపుగా మెరిసింది. గట్టిగా నొక్కి పెట్టింది, రెండు పక్కలా చిటుక్కుమంది.

నల్ల తెర మీద అంకెలు పరుగెత్తడం మొదలుపెట్టాయి. ర్యామ్ ఎంతుందో లెక్కపెట్టుకుంటోందట. ఇదివరకు ముప్పై రెండు వేల దగ్గర ఆగేవి. ఇప్పుడు ఆగలేదు. షంషాద్ గరిటెతోనే వచ్చి నిలబడింది. యాభై వేలు, లక్ష, లక్షన్నర. "ఇంగా పోతాండాది సూడు" అంది షంషాద్. ఆగేసరికి ముగ్గురం నవ్వుతున్నాం. ఎందుకో తెలియదు.

కొంగు మొత్తం తెర మీద పరిచాను. ఇసుక గడియారం వచ్చింది, పోయింది.

9 జూన్

నెమలి మెడ అయిపోయింది. చక్కగా ఉంది.

11 జూన్

రెండో నెమలిని వేయక్కర్లేదట. మొదటిదాన్ని అద్దంలో తిప్పినట్టు తిప్పితే చాలట. ముప్పై ఏళ్ళు ప్రతి నెమలినీ రెండుసార్లు వేశాను నేను.

షంషాద్ వంట చేస్తూ మధ్య మధ్యలో వచ్చి వెనకాల నిలబడుతోంది. "ఆ పక్కన కాలు యాడ పోయింది?" అంటుంది. నిజంగానే కాలు ఉండదు.

13 జూన్

షంషాద్ తలుపు దగ్గర నిలబడి, "రా, డాక్టరు దగ్గరికి పోదాం" అంది. కళ్ళు చూపించుకున్నాను కదా అన్నాను. "కండ్లకు గాదు" అంది.

ఆస్పత్రి వరండాలో మా వంతు కోసం కూర్చున్నప్పుడు అడిగాను, నీకెప్పుడు తెలిసింది అని.

"ఉగాది ముందరే. చాయ్ గ్లాసు సాసర్లో గలగలమంటాండె. నువ్వే చెప్తావని చూసినా."

"ఫిర్దోస్‌కి?"

"దానికి తెలీకనే కంప్యూటర్ గుడ్డ తీసిందా?"

డాక్టరు చేతులు చాపమన్నాడు, నీళ్ళ గ్లాసు పట్టుకోమన్నాడు, కాగితం మీద చుట్టలు గీయమన్నాడు. పెద్ద జబ్బు కాదు, కొన్ని కుటుంబాల్లో వయసుతో వస్తుంది, మీ నాయనకు ఉండేదా అని అడిగాడు. ఉండేది. మా నాయన సాసర్ రెండు చేతులతో పట్టుకునేవాడు. మాత్ర ఇచ్చాడు. కొంచెం తగ్గవచ్చు, పూర్తిగా పోదు అన్నాడు.

నా చేయి వణుకుతోంది. ఇదీ ఎవరికీ చెప్పనిది. రాసి చూసుకుంటే అంత భయంగా లేదు. బయటికి వచ్చాక ఇద్దరం చెరుకు రసం తాగాం. నేను గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాను. షంషాద్ కూడా రెండు చేతులతోనే పట్టుకుంది.

24 జూన్

కొంగు పూర్తయింది. ఫ్లాపీ తీసుకుపోయి అంజనప్ప చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇంత కొంగు దీంట్లో పట్టిందా?"

"నెమిలి కూడా పట్టింది. తాగిందేమో చూసుకో."

అట్టలు కొట్టే ఆయన తెర మీద చూపిస్తే అంజనప్ప చాలాసేపు నెమలి మెడనే చూశాడు. తర్వాత నా భుజం మీద చేయి వేశాడు. నా చేయి సంగతి కూడా చెప్పేశాను. "చెయ్యేదైతే ఏమప్పా, నెమిలి నీదే గదా" అన్నాడు. స్టేషన్ రోడ్డు మాట మళ్ళీ ఎత్తలేదు.

2 జూలై

వాన. రెండు రోజులుగా మంచి వాన. తాడిమర్రి నుంచి బావమరిది వచ్చి, చెనిక్కాయ, అదే వేరుశనగ, విత్తనం వేశామని చెప్పి పోయాడు. షంషాద్ రోజంతా పుట్టింటి మాటలే.

7 జూలై

మగ్గం మీద కొంగు ఎంతవరకు వచ్చిందో చూడ్డానికి సోమక్క వాళ్ళింటికి పోయాను. నా నెమళ్ళను నేస్తున్నది ఆమే. నెమలి తల దాకా వచ్చింది. జరీలో కన్ను మెరుస్తోంది.

తిరిగి వచ్చేసరికి షంషాద్ కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. నన్ను చూసి లేవబోయింది. ఏం చేస్తున్నావంటే, "ఊరికే. ఎట్లుంటాదో చూస్తాండా" అంది.

తెర మీద ఒక చెట్టు. పైన నాలుగు ఆకులు, కింద వేళ్ళు, వేళ్ళకు కాయలు వేలాడుతున్నాయి. ప్రతి కాయకూ మధ్యలో నడుము. చెనిక్కాయ చెట్టు, పీకి పట్టుకున్నట్టు.

పట్టుచీర మీద మామిడి ఉంటుంది, హంస ఉంటుంది, రుద్రాక్ష ఉంటుంది. చెనిక్కాయ నేనెప్పుడూ చూడలేదు. ఆ మాటే అనబోయి ఆగాను. ఆకులు బాగున్నాయి. నడుము దగ్గర ఆమె ఒక్క గడి వదిలిన తీరు నాకు కూడా తోచదు.

"మౌసు ఎప్పుడు నేర్చుకున్నావు?"

"నెల్లాళ్ళు నీ ఎనకాల నిలబడింటి గదా."

12 జూలై

షంషాద్ వేసిన చెట్టును ఫిర్దోస్ ప్రింటు తీయించి తెస్తే అంజనప్పకు చూపించాను. పగలబడి నవ్వాడు. "పెండ్లికూతురు చెనిక్కాయలు కట్టుకోని పీటల మీద కూర్చుంటాదా? ఉప్పు కూడా ఇయ్యమంటావా?"

షంషాద్‌కు ఏం చెప్పాలో తెలియక సోమక్క ఇంటి దారి పట్టాను. సోమక్క ఆ ప్రింటు చూసి నవ్వలేదు. "బుటా మాదిరి ఒళ్ళంతా చిన్న చిన్నగా వేస్తే బాగుంటాది. నేను నేస్తా అని అంజనప్పన్నతో చెప్పు. నేనే చెప్తాలే" అంది.

18 జూలై

అంజనప్ప ఒక్క చీరకు ఒప్పుకున్నాడు. అమ్ముడుపోకపోతే తన పెళ్ళాం కడుతుందట. ఆకుపచ్చ ఒళ్ళు, మెరూన్ అంచు, జరీ బుటా. చెట్టు తీసేసి కాయ, ఒక ఆకు మాత్రం ఉంచాం. నేను ఆకు, ఆమె కాయ.

10 ఆగస్టు

నెమళ్ళ కొంగు చీరలు ఒక్కటీ మిగల్లేదు. అంజనప్ప ఇంకా నేయిస్తున్నాడు.

చెనిక్కాయ చీర మాత్రం అతని అంగట్లో అడుగునే ఉంది.

21 ఆగస్టు, ఆదివారం

అంజనప్ప అంగడికి పోయాను, కొత్త అంచు సంగతి మాట్లాడడానికి. కొత్తచెరువు నుంచి పెళ్ళివాళ్ళు వచ్చి ఉన్నారు. పెళ్ళికూతురు, తల్లి, తండ్రి. చేతులు చూస్తేనే సేద్యం చేసేవాళ్ళని తెలుస్తోంది. నెమళ్ళ చీర ఒకటి పక్కన పెట్టుకున్నారు. ఇంకా చూపించమంటే అంజనప్ప అడుగు నుంచి ఆకుపచ్చది లాగాడు.

"ఇది ముత్యాల మొగ్గ బుటామ్మా. కొత్తగా వచ్చింది."

నేను తల దించుకున్నాను. తల్లి వంగి చూసింది.

"మొగ్గ యాడిదన్నా? చెనిక్కాయ గదా ఇది."

పెళ్ళికూతురు చీరను దగ్గరికి లాక్కుంది. తండ్రి అప్పటిదాకా గుమ్మం దగ్గరే ఉన్నాడు. లోపలికి వచ్చి, చీర చేతిలోకి తీసుకుని, ఒక బుటాను బొటనవేలితో అదిమాడు, కాయ ఒలిచేటప్పుడు అదిమినట్టు.

"మనదే" అన్నాడు. "నడుము సూడు, ఎంత బాగా పట్టినారో. ఈ ఏడు పండేట్టుండాది, ఇదే తీసుకో పాపా." తర్వాత అంజనప్పను అడిగాడు. "ఎవురేసినారు దీన్ని?"

అంజనప్ప నా వైపు చేయి చూపించాడు.

"నేను గాదు" అన్నాను. "మా ఇంటామె. తాడిమర్రి ఆడబిడ్డ."

"అదే అనుకుంటి" అంది పెళ్ళికూతురి తల్లి. "అన్నా, మా చెల్లెలి కూతురికి కూడా కావాల. మూడు గింజల కాయ ఉండేది ల్యాదా?"

లేదని అంజనప్ప అనేలోపే, వస్తుంది, ఇరవై దినాలు ఆగండి అని నేను చెప్పేశాను. అంజనప్ప నన్ను చూశాడు. ఈసారి మెచ్చుకోలుగా నవ్వాడు.

ఇంటికి దాదాపు పరుగెత్తాను. షంషాద్ కంప్యూటర్ ముందు ఉంది. అంతా చెప్పాను, బొటనవేలి సంగతితో సహా. ఆమె వెనక్కి తిరగకుండానే విన్నది. మెడ మాత్రం ఎర్రబడింది.

"మూడు గింజలదా? మూడు గింజలదానికి నడుములు రెండుండాల. ఉండు, కాయ కొంచెం సాగదీస్తా."

మౌసు ఆమె చేతిలో ఉంది. నేను స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నాను.